పచ్చల ఈగ ముసుగు

కిటికీ ముందు స్టూలు మీద బొమ్మలా కూర్చున్న బెందాళం తవిటినాయుడు ఊపిరి బిగబట్టి, పెదవులు మాత్రం కదిలిస్తూ అన్నాడు: "పరాన్నం వచ్చింది. ఎవరూ కదలకండి."

పరాన్నజీవి అనబోయాడు. ఉత్సాహంలో జీవి ఎగిరిపోయి పరాన్నం మిగిలింది. అది వంటింట్లో ఉన్న ఆయన తల్లి దాలమ్మను చేరేసరికి పరమాన్నమైంది. ఎనభయ్యేళ్ల ఆమె చెవులు ఎదుటివాళ్లు అన్నది మాని తాను వినాలనుకున్నది వినడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఇంట్లో మనవరాలికి ఏడో నెల. కొడుకేమో పరమాన్నం అంటున్నాడు. అంటే డాక్టరమ్మ దగ్గర్నుంచి మంచి కబురేదో వచ్చి ఉండాలి. ఆమె పొయ్యిమీద పాలు పెట్టి, మనవరాలి భర్త ఢిల్లేశ్వరరావును బెల్లానికి తోలింది. అతను దారిలో ముగ్గురికి చెప్పాడు. బెల్లం ఇంటికి వచ్చేలోపల కబురు నేలపుట్టుగ ఊళ్లో చివరి వీధి చుట్టి తిరిగి వచ్చింది. వెనకే ఇద్దరు ముత్తయిదువలు అరటిపళ్లు పట్టుకుని వచ్చారు.

"ఏట్రా, పరమాన్నమని నువ్వే అన్నావు, ఇప్పుడు మూతి ముడుసుకుని కూకున్నావు," అంది దాలమ్మ.

"పరమాన్నం కాదమ్మా, పరాన్నజీవి. ఇంకొకరి కూడు తిని బతికేది."

గుమ్మంలో బెల్లం పొట్లంతో నిలబడ్డ ఢిల్లేశ్వరరావు ముఖం మాడిపోయింది. భార్యను పురిటికి తీసుకొచ్చి, నెల్లాళ్లుగా తానూ అత్తారింట్లోనే ఉండిపోయాడు. "మామయ్యా, నన్నేనా?" అన్నాడు.

"నిన్నెందుకంటానయ్యా. నువ్వు బెల్లమైనా తెచ్చావు. అది వట్టి చేతుల్తో వచ్చింది."

మంచం మీద కూతురు ఊర్మిళ పొట్ట పట్టుకుని నవ్వింది. పాలు ఎలాగూ కాగాయి కాబట్టి పరమాన్నం వండేశారు. ఒక ఈగ వచ్చినందుకు తీపి తిన్న ఇల్లు ఉద్దానం మొత్తంలో అదొక్కటే అయి ఉంటుంది.

ఆ ఈగ కథ ఇది. ఊర్మిళ గది కిటికీ చట్రం మూలన ఒక మట్టి కందిరీగ గూడు కట్టింది, ఉసిరికాయంత. రోజూ గొంగళిపురుగుల్ని వేటాడి తెచ్చేది. కుట్టిన పురుగు చావదు, కదలదు. పుట్టబోయే పిల్లకు తాజా భోజనంగా గూట్లో పడి ఉంటుంది. కందిరీగ ఇంకో పురుగు కోసం వెళ్లగానే, చట్రం సందులో పొంచి ఉన్న పచ్చటి ఈగ ఒకటి బయటికొచ్చేది. పచ్చలు పొదిగినట్టు మెరిసే ఒళ్లు. గూట్లో దూరి తన గుడ్డు పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేది. కందిరీగ తిరిగొచ్చి మీసాలతో గూడంతా తడిమి చూసుకుని, అంతా సవ్యంగానే ఉందనుకుని మట్టితో మూత వేసేది. లోపల పచ్చల ఈగ పిల్ల ముందు పుట్టి, కందిరీగ పిల్లనూ దాని కూడునూ కలిపి తినేసేది. తన గూటికి తానే తాళం వేసి దొంగను లోపల పెట్టుకునే ఇల్లాలు ఆ కందిరీగ.

తవిటినాయుడికి ఇది వినోదం కాదు, వృత్తి. జిల్లాలో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో కీటకశాస్త్రం చూస్తాడు. గూడు పెరికి ప్రయోగశాలకు పట్టుకెళ్లిపోదామనుకున్నాడు. దాలమ్మ చీపురు అడ్డం పెట్టింది. నిండుచూలాలున్న ఇంట్లో మట్టిగూడు కదిపితే కడుపు కదులుతుందని ఆమె గట్టి నమ్మకం. "నీ సదువు నీ ఆపీసులో సూపించు, నా కిటికీలో కాదు," అంది. అందుకని ప్రయోగశాలే కిటికీ దగ్గరికి వచ్చింది.

ఇంతకీ ఆ ఈగ కందిరీగకు ఎందుకు దొరకలేదు? అదే ఆయనకు కావలసింది. కావలసిన కారణం మంచం మీద ఉంది.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో మూత్రపిండాలు చెడడం ఇంటింటి కథ. ఊర్మిళకు ఇరవై రెండో ఏట రెండూ చెడ్డాయి. తల్లి చంద్రకళ ఒకటి ఇచ్చింది. ఇచ్చిన రెండేళ్లకు గుండెపోటుతో చంద్రకళ పోయింది, ఆమె మూత్రపిండం మాత్రం కూతురి ఒంట్లో పనిచేస్తూనే ఉంది. ఊర్మిళ తల్లయ్యే నాటికి లోపల రెండు పిండాలు మోస్తోందని తవిటినాయుడు అనేవాడు, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి అమ్మను చేసేది. ఆ మాటకు ఆయనే నవ్వి, ఆ తర్వాత కళ్లజోడు తుడుచుకునేవాడు. ఎందుకంటే ఒంట్లోని కాపలా కణాలు ఆ మొదటి పిండాన్ని ఇంకా పరాయిదనే అనుకుంటున్నాయి. మాత్రలతో వాటిని జోకొడుతున్నారు. మాత్ర బలం తగ్గినప్పుడల్లా అవి లేస్తున్నాయి. కూతురి ఒళ్లు తల్లిని గుర్తుపట్టనంటోంది.

పరాయి ఈగ గూట్లోకి పోయి ఇంటిమనిషిలా చెలామణి అయ్యే కిటుకేదో తెలిస్తే, అదే కిటుకు మూత్రపిండానికి నేర్పొచ్చు కదా.

కిటుకు పట్టడానికి ఆయన ఒక యంత్రం చేశాడు. వెంట్రుకంత గొట్టం, చివర చిన్న తెర. ఏ ప్రాణి దగ్గర పెడితే ఆ ప్రాణి వాసన తెర మీద ముగ్గులా పరుచుకుంటుంది. ప్రతి ప్రాణికీ దాని ముగ్గు దానిదే. యంత్రానికి ముక్కుసూటి అని పేరు పెట్టాడు. "ఇది ముఖం చూసి మాట్లాడదు," అని అందరికీ పరిచయం చేసేవాడు.

పరమాన్నం నాటి పొద్దున ముక్కుసూటి గొట్టం పచ్చల ఈగకు తగిలింది. తెర మీద ముగ్గు పడింది. పక్కనే కందిరీగ ముగ్గు పెట్టి చూస్తే నూటికి తొంభై పాళ్లు ఒకటే.

"ఇంటివాళ్ల వాసన తొడుక్కుని ఇంట్లోకి వస్తోంది," అన్నాడు మర్నాడు కేంద్రంలో డాక్టర్ సురభి పాణిగ్రాహితో. మూత్రపిండాల రోగుల్ని చూసేది ఆమే. ఇచ్ఛాపురం వైపు మనిషి, మాటలు తూచి వాడుతుంది.

"ఒక్క గూడేనా చూశారు?"

"ఒక్క గూడే. ప్రయోగశాలలో పెట్టెలు పెట్టినా కందిరీగలు వాటి ముఖం చూడలేదు. ప్రభుత్వ క్వార్టర్లంటే వాటిక్కూడా చిన్నచూపు."

ఆమె నవ్వలేదు. "ఎలకల మీద చూద్దాం," అంది.

ఊర్మిళకు నెలలు నిండేలోగా కావాలని ఆయన తొందరపెట్టగా, పచ్చల ఈగ చర్మం మీది మైనాన్ని పోలిన పదార్థం తయారైంది. పేరు ముసుగు. ఎలకలు పరాయి మూత్రపిండాల్ని హాయిగా ఒప్పుకున్నాయి. తర్వాత ఐదుగురు మనుషులు ఒప్పుకున్నారు, వాళ్ల ఒళ్లూ ఒప్పుకున్నాయి. నెలకొక సూది చాలు, మాత్రలు అక్కర్లేదు. పనిచేస్తున్న దాన్ని ఎందుకు పనిచేస్తున్నావని అడిగేవాళ్లు లోకంలో తక్కువ. పొగడ్తలు మొదలయ్యాక ఇంకా తక్కువ.

చిన్న చిన్న ఫిర్యాదులు వచ్చాయి. సూది వేయించుకున్నాక పదేళ్ల నుంచీ పాలు పితుకుతున్న గేదె తన్నిందని ఒకామె చెప్పింది. సొంత కుక్క గేటు దగ్గర మొరిగిందని ఇంకొకాయన చెప్పాడు. "ఒప్పంద పత్రం మీద గేదె సంతకం తీసుకోవడం మరిచాం," అన్నాడు తవిటినాయుడు. గదిలో అందరూ నవ్వారు. పాణిగ్రాహి మాత్రం ఆ రెండూ కాగితం మీద రాసుకుంది.

ఊర్మిళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇరవై రోజులకే మూత్రపిండం మొరాయించింది. కాళ్లు వాచాయి, రక్తపరీక్ష అంకెలు ఎగబాకాయి. మాత్రలు పెంచినా దిగలేదు. ముసుగు మందు పాలలోకి దిగదని రెండుసార్లు పరీక్ష చేసి నిర్ధారించుకున్నాక పాణిగ్రాహి సూది వేసింది. తవిటినాయుడు కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

మూడు రోజుల్లో వాపు దిగింది. వారానికి అంకెలు కూడా దిగాయి. తొమ్మిదో రోజు పొద్దున పాప తల్లి రొమ్ము పట్టలేదు.

ఆకలి లేదనుకున్నారు. మధ్యాహ్నం తల్లి ఎత్తుకోగానే పాప ఒళ్లు విల్లులా వంచి గుక్కపట్టింది. దాలమ్మ అందుకుంది. ఆమె భుజం మీద ముక్కు ఆనించి రెండు నిమిషాల్లో సద్దుమణిగింది. మళ్లీ తల్లికిచ్చారు, మళ్లీ ఏడుపు. ఊర్మిళ పాలు పిండి ఉగ్గుగిన్నెతో దాలమ్మ పడితే చుక్క వదలకుండా తాగింది. పాలతో పేచీ లేదు.

"గేదె గుర్తొస్తోంది నాన్నా," అంది ఊర్మిళ.

తవిటినాయుడు ఉగ్గుగిన్నె అందుకుని పక్కన పెట్టాడు. ఊర్మిళే మళ్లీ అంది:

"నేను ఎవర్నని అనుకుంటోందో. నెల రోజుల పైగా దీనికి నేను తప్ప ఇంకో లోకం లేదు. ఇప్పుడు కొత్తమనిషి ఎత్తుకున్నట్టు చూస్తోంది."

"ఇంటివాళ్ల వాసన తొడిగే మందమ్మా అది. నీ వాసన ఇంకా గట్టిగా ఉండాలి కాని..."

"అలాగని నువ్వంటున్నావు. పాప అనట్లేదు."

ఆయన ముక్కుసూటి తెచ్చి కూతురి మణికట్టు దగ్గర పెట్టాడు. తెర మీద ముగ్గు పడలేదు. యంత్రం పాడైందనుకుని తన చేతికి పెట్టుకుంటే చక్కగా పడింది. మళ్లీ కూతురి చేతికి పెట్టాడు. ఊడ్చి నీళ్లు చల్లి, ముగ్గు వేయకుండా వదిలేసిన వాకిలిలా తెర ఖాళీగా ఉంది.

మర్నాడు ఆయన ముక్కుసూటి చంకన పెట్టుకుని జీడితోటల్లో పడ్డాడు. పాత మోటారు షెడ్డు గోడకు మూడు మట్టిగూళ్లు కనిపించాయి. పొద్దున్నుంచి మూడు గంటల దాకా గోనె పరుచుకుని కూర్చుంటే ఒక పచ్చల ఈగ వచ్చింది. గొట్టం పెట్టాడు. ముగ్గు లేదు. ఇంకొక ఈగ వచ్చింది. దానికీ లేదు. కందిరీగకు మాత్రం నిక్షేపంగా ముగ్గు పడింది.

అంటే ఈగ ఎవరి వాసనా తొడుక్కోవడం లేదు. తన వాసన తుడిచేసుకుని వస్తోంది. కందిరీగ మీసాలకు అది ఇంటిమనిషీ కాదు, దొంగా కాదు. అక్కడ ఎవరూ లేరు, అంతే. ఎవరూ లేనిచోట ఎవర్ని తరుముతుంది?

మరి ఇంటి కిటికీలో తొంభై పాళ్లు కలిసిన ముగ్గు ఏమిటి?

అది తేలడానికి సాయంత్రం దాకా పట్టింది. ఇంటికొచ్చేసరికి పాప స్నానం అయింది. దాలమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి, పైన పాప జుట్టు ఆరబెట్టింది. అది రోజూ ఉండేదే, ఆయన చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఆమె ఆ ధూపం గిన్నె ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, మట్టిగూటి చుట్టూ మూడుసార్లు తిప్పి, చట్రం సందుల్లోకి పొగ ఊదింది.

"అమ్మా, అదేమిటి?"

"పొగరా."

"పొగని తెలుసు. దానికెందుకు?"

"ఆ గూట్లోనూ పిల్లలే గదరా. మన ఇంటికి ఎయ్యగా దానికెయ్యకపోతే దిష్టి కొట్టదేటి?"

"ఎప్పట్నుంచి వేస్తున్నావు?"

"మట్టి అంటుకున్న కాడ్నుంచి. నువ్వెప్పుడూ పొద్దున కూకుంటావు, నాను సందేళ ఏత్తాను. నీకడ్డమేటి?"

తవిటినాయుడు స్టూలు మీద కూలబడ్డాడు. చిటికెడు సాంబ్రాణి తీసి ముక్కుసూటి ముందు పెట్టాడు. తెర మీద ఆ తొంభై పాళ్ల ముగ్గే వచ్చింది, చుక్క తేడా లేకుండా. కందిరీగకు పట్టిందీ, సందులో దాగిన ఈగకు పట్టిందీ ఒకటే పొగ. రెండింటినీ ఒకటి చేసింది దాలమ్మ ధూపం.

ఏ ప్రాణి వాసన తీసినా ముందు దాని వెనక ఉన్న గోడ వాసన తీసి పక్కన పెట్టాలన్నది మొదటి నియమం. ప్రయోగశాలలో ఆయన ఒక్కనాడూ మరవలేదు. ఇంట్లో మాత్రం గోడకు వాసనేమిటి, మన ఇల్లే కదా అనుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ పీల్చిన వాసన ఆ ముక్కుకు వాసనగా తోచలేదు.

పాణిగ్రాహికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"సోమవారం నలభై మందికి మొదలుపెడుతున్నాం నాయుడుగారు. వాళ్లకు మీరు చెప్పిన కారణమే చెప్పి సంతకాలు తీసుకున్నాం."

"వాళ్లందర్నీ పిలవండి. మా ఇంటివాళ్లు కూడా వస్తారు."

ఆదివారం పొద్దున కేంద్రం హాలు నిండింది. కుర్చీల్లో నలభై మంది రోగులు, గోడల పొడుగునా వాళ్ల మనుషులు. ముందు వరసలో ఊర్మిళ, ఢిల్లేశ్వరరావు, పాపను ఎత్తుకుని దాలమ్మ. తవిటినాయుడు మైకు పట్టుకున్నాడు. ఆయన మాట్లాడతాడంటే నవ్వడానికి సిద్ధపడి వచ్చేవాళ్లు చాలామంది.

"ఈ మందు మీ లోపలున్న పరాయి మూత్రపిండానికి మీ చొక్కా తొడుగుతుందని చెప్పాను," అన్నాడు. "తప్పు చెప్పాను. తొడగదు. అందరి చొక్కాలూ విప్పేస్తుంది. లోపల మీదేది, పరాయిదేది అన్న తేడా చెరిగిపోతుంది కాబట్టి కాపలా కణాలు ఊరుకుంటాయి. ఆ చెరిగిపోవడం లోపలే ఆగట్లేదు, ఒంటి పైకి కూడా వస్తోంది. మీ వాసన పోతుంది. గేదె తన్నినామె అబద్ధమాడలేదు, ఆమె మీద జోకు వేసినందుకు ఆమెకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. రేపు కొత్త జబ్బేదైనా లోపలికొస్తే మీ ఒళ్లు దాన్ని పసిగడుతుందో లేదో నాకు తెలియదు. తెలియదని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను."

తర్వాత కిటికీ, గూడు, సందులోకి ఊదిన సాంబ్రాణి, తీయకుండా వదిలేసిన గోడ వాసన, వరసగా అన్నీ చెప్పాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. దాలమ్మకు సగమే వినిపించింది. ఢిల్లేశ్వరరావు వంగి మిగతా సగం చెవిలో చెప్పాడు. ఆమె లేచి నిలబడింది.

"అయితే తప్పు నాదేనేట్రా?"

"పొగ నీదమ్మా. పొగరు నాది. కూర్చో."

మూడో వరసలో కొబ్బరిచెట్లెక్కే గున్నయ్య చెయ్యెత్తాడు. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఆస్పత్రికి తిరిగి తిరిగి వడలిపోయి, రెండు నెలల క్రితమే తమ్ముడి మూత్రపిండం పెట్టించుకున్న మనిషి. "బాబూ, సిన్న మాట. మందు పన్సేత్తాదా, సెయ్యదా?"

"చేస్తుంది. నేను చెప్పిన కారణానికి కాదు. ఏమేమి పట్టుకుపోతుందో పూర్తిగా నాకు తెలియదు. పాత సంతకాలు చెల్లవు. వేసుకునేవాళ్లు ఇది విన్నాక మళ్లీ పెట్టాలి, వద్దనుకున్నవాళ్లకు మాత్రలు ఎప్పటిలాగే ఇస్తారు."

"మరి మీ కూతురికేటి సేస్తారు?"

తవిటినాయుడు కూతురి వైపు చూశాడు. రాత్రే తన మాట చెప్పేశాడు, ఆపేయమ్మా, మాత్రలకు తిరిగి వెళ్దాం అని. ఆమె ఇప్పుడు లేచి, దాలమ్మ చేతుల్లోంచి పాపను అందుకుంది. పాప వెంటనే ఒళ్లు వంచి ఏడుపు లంకించుకుంది. మైకు అక్కర్లేకుండానే ఆ ఏడుపు హాలు చివరిదాకా వినిపించింది.

"నేను ఆపను," అంది ఊర్మిళ, ఆ ఏడుపు మీదుగా గొంతు పెంచి. "మాత్రలు నాకు పనిచెయ్యడం మానేశాయి, అది డాక్టరుగారికి తెలుసు, మా నాన్నకీ తెలుసు. ఆపితే దీనికి నాలుగు నెలలు అమ్మ వాసన వస్తుంది, ఆ తర్వాత అమ్మ ఉండదు. నా లోపలున్నది మా అమ్మ. ఆవిడ్ని ఒకసారి పోగొట్టుకున్నాను. మీ సంగతి మీరు చూసుకోండి, నన్ను చూసి సంతకం పెట్టొద్దు, మానొద్దు. నా మటుకు నేను దీనికి రోజూ కొత్తగా పరిచయం చేసుకుంటాను. గొంతుంది, చేతులున్నాయి."

తవిటినాయుడు మైకు కిందికి దించాడు.

పాప ఏడుస్తూనే ఉంది. దాలమ్మ చేతులు ముందుకు చాపి, మనవరాలి ముఖం చూసి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. గున్నయ్య ముందుకొచ్చి ఆమె కుర్చీ దగ్గరికి జరిపాడు. ఊర్మిళ కూర్చుని పాప చెవి దగ్గర వంగి, ఎవరో కొత్తవాళ్లతో మాట్లాడుతున్నంత మర్యాదగా మొదలుపెట్టింది.

"నా పేరు ఊర్మిళ. నేను మీ అమ్మని. నిన్న కూడా చెప్పాను, నువ్వు వినలేదు. ఆ మైకు పట్టుకున్నాయన మీ తాతయ్య, ఆయన కొంచెం ఎక్కువ మాట్లాడతాడు."

ఏడుపు ఆగలేదు. వెనక వరసలో ఎవరో చెయ్యెత్తి గేదె సంగతి అడిగారు. తవిటినాయుడు మైకు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుని, ఆ ఏడుపులోనే, మొదట్నుంచి ఇంకొకసారి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.